మా డెమోలో అందరూ బేరమే ఆడారు

మా తమ్ముడూ నేనూ కలిసి ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆడేవాళ్లే కథలో ఒక పాత్రగా నడిచే రకం) తయారు చేస్తున్నాం. అది పూర్తి కాలేదు, ఇప్పట్లో అయ్యేలా కూడా లేదు. కాకపోతే అందులోంచి ఒక అరగంట ముక్కని డెమోగా బయట పెట్టాం. బొమ్మలూ సంగీతం తమ్ముడివి. కోడూ, కథా, కాగితాల పనీ నావి. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి పనంతా రాత్రిళ్లూ ఆదివారాలూ. తెలుగులో గేమ్ చేయాలనుకునేవాళ్లకు ఎక్కడెక్కడ బండి ఆగుతుందో ముందే తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు కథ. గోదావరి లంకల్లో ఊరూరూ తిరిగి గాజులమ్మే మంగ అనే అమ్మాయి. గాజుల మలారం భుజానేసుకుని, పంటు ఎక్కి ఏరు దాటి, ఒక్కో ఊళ్లో పగలంతా సరుకు అమ్ముకుంటుంది. రాత్రయితే ఆ ఊరిని పట్టుకున్న దెయ్యంతో తలపడుతుంది. గాజుల చప్పుడే ఆమె ఆయుధం. మొత్తం ఏడు ఊళ్లు అనుకున్నాం. డెమోలో ఉన్నవి ఒక ఊరు, ఒక సంత, ఒక దెయ్యం, అంతే.

సగం కూడా కాని గేమ్‌ని జనానికి ఎందుకు చూపించడమని తమ్ముడు గొణిగాడు. నేను అండర్‌టేల్ అనే గేమ్ సంగతి ఎత్తాను. దాన్ని తయారు చేసిన టోబీ ఫాక్స్ 2013 మే నెలలో డెమో ఉచితంగా పెట్టాడు. మొదటి ప్రాంతం మాత్రమే ఉంది అందులో. అయితేనేం, శత్రువుని చంపకుండా మాటలతో వదిలేయవచ్చన్న ముఖ్యమైన ఆలోచన ఆ ముక్కలోనే నిండుగా ఉంది. తర్వాత కిక్‌స్టార్టర్‌లో జనాన్ని 5,000 డాలర్ల చందా అడిగితే 51,124 డాలర్లు వచ్చాయి. పూర్తి గేమ్ 2015 సెప్టెంబరుకి గానీ రాలేదు. అదే మనిషి డెల్టారూన్ మొదటి అధ్యాయాన్ని 2018లో ఊరికే ఇచ్చేశాడు. మూడు, నాలుగు అధ్యాయాలు వచ్చేసరికి 2025 అయింది. ఒమోరి అయితే 2014లో చందాలు అడిగి 2020 క్రిస్మస్ రోజున విడుదలైంది. ఈ రకం గేములు ఆలస్యం కావడం బద్ధకం వల్ల కాదు. కొత్త ఊరు చేర్చామంటే కొత్త మనుషులు, వాళ్ల మాటలు, కొత్త వస్తువులు, వాటి ధరలు. ఒక గాజుల డజను ధర మార్చినా ఆ తర్వాతి ఫైట్ తేలికైపోవడమో, గెలవలేనంత కష్టమవడమో జరుగుతుంది. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అందుకే మొత్తం కట్టేశాక చూపిస్తే, అప్పుడు బాగోలేదన్నారంటే విప్పడానికి ఏమీ మిగలదు. తమ్ముడు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, ఎదురు చెప్పడం మానేశాడు.

మొదట తీసుకున్న ఇంజిన్ (గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్) ఇలాంటి గేముల కోసమే తయారైంది. మ్యాపు గీయడం, మాటలు రాయడం, ఫైట్లు అన్నీ రెడీమేడ్. ఇంగ్లీషు మాటలు పెట్టి ఆడితే హాయిగా నడిచింది. తెలుగు పెట్టగానే వ్యవహారం అడ్డం తిరిగింది. ఈ గేముల్లో పాత్రల మాటలు టైపు కొడుతున్నట్టు ఒక్కో అక్షరమే తెర మీదికొస్తాయి కదా. మనం 'స్త్రీ' అని ఒక్క అక్షరంగా చూసేది కంప్యూటర్‌కు ఆరు ముక్కలు: స, పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆ ఇంజిన్ ఆరింటినీ దేనికది విడిగా గీసింది. వత్తులు కిందికి చేరకుండా పక్కన నిలబడ్డాయి. గుడిదీర్ఘం పోయి ఒక చుక్కల సున్నా నెత్తిన కూర్చుంది. మంగ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యమే ఎవరికీ చదవడానికి రాదు.

దాంతో గోడాట్ అనే ఇంకో ఇంజిన్‌కి మారాం. 2023 మార్చిలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి అందులో అక్షరాలు కూర్చే పనిముట్టు హార్ఫ్‌బజ్ లోపలే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ మన వత్తులూ గుణింతాలూ సరిగ్గా కుదురుకునేది దాని చలవే. టైపు కొట్టినట్టు చూపించడానికి కూడా ఒక సెట్టింగ్ ఉంది, అక్షరాలు కూర్చకముందు లెక్కపెట్టాలా, కూర్చాక లెక్కపెట్టాలా అని. 'ముందు' అని పెడితే 'స' వచ్చి, అది 'స్' అయి, 'స్త' అయి కళ్లెదుటే వేషాలు మారుస్తుంది. 'తర్వాత' అని పెడితే ఆ గోల ఉండదు. ఇంత చిన్న మీట కోసం మేం అప్పటిదాకా చేసిన మ్యాపులన్నీ మళ్లీ గీసుకున్నాం.

ఫాంటు ఇంకో తలనొప్పి. తమ్ముడి బొమ్మలన్నీ పిక్సెల్ ఆర్ట్. అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలున్న గడిలో ఇంగ్లీషు అక్షరం చక్కగా ఇమిడిపోతుంది. అదే గడిలో 'ష్ట్ర' రాసి చూడండి. చివరికి ఉచితంగా వాడుకోనిచ్చే మండలి ఫాంటు పెట్టాం. నున్నగా, గుండ్రంగా ఉంటుంది. గరుకు గరుకు పిక్సెల్ బొమ్మల పక్కన దాన్ని చూసి తమ్ముడు, "అక్కా, మట్టిగోడకి ఫ్లెక్సీ కట్టినట్టుందే" అన్నాడు. నిజమే. అయినా చదవడానికి వీలుగా ఉండటం నాకు ముఖ్యం. వాడు మాటల పెట్టె అంచులు కొంచెం మెత్తగా గీసి రాజీ కుదిర్చాడు. వత్తుల కోసం వరసల మధ్య ఖాళీ పెంచేసరికి మూడు వరసల పెట్టెలో రెండే పట్టాయి. నేను రాసిన సంభాషణల్లో చాలా భాగం ఎగిరిపోయింది. గోదావరి వాళ్లు అంత పొడి పొడిగా మాట్లాడతారంటే ఎవరూ నమ్మరు గానీ, పెట్టె ఒప్పుకోలేదు.

ఇక అసలు విషయం. మామూలుగా ఇలాంటి గేముల్లో అంగడి అంటే ఒక పట్టీ: వస్తువు, దాని ధర, కొను అనే బటన్. మాకు ఆ మెనూ గీసే తీరిక లేదు. ఉన్న మాటల పెట్టెతోనే సరిపెడదామని సంతలో బేరం పెట్టాం. ప్రతి కొట్టువాడికీ 'ఓపిక' అని ఒక గీటు ఉంటుంది. ఆడేవాళ్లు తగ్గించి అడగవచ్చు, సరుకుకి వంక పెట్టవచ్చు, ఊరి కబుర్లు చెప్పవచ్చు, పక్క కొట్టు రేటు ఎత్తవచ్చు. కబుర్లకి ఓపిక పెరుగుతుంది, వంకలకి తరుగుతుంది. మొత్తం అయిపోతే ఆ రోజుకి ఆ కొట్టులో మీకు సరుకు లేదు. పొద్దున్నే వెళితే బోణీ బేరం కాబట్టి వట్టి చేతులతో పంపడు, కొంచెం దిగుతాడు. రేటు తెగాక ఒక్కసారి కొసరు అడగవచ్చు. మంగ తన గాజులు అమ్మేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది, ఓపిక గీటు ఆమెది. ఎదుటి చెయ్యి చూసి సైజు రెండు నాలుగా, రెండు ఆరా చెప్పాలి. తప్పు చెబితే తొడిగేటప్పుడు గాజు పగులుతుంది, ఆ నష్టం మంగదే.

మా ఉద్దేశంలో ఇదంతా ఫైట్‌కి ముందు కాసేపు కాలక్షేపం. శ్రద్ధంతా రాత్రి మీదే పెట్టాం. దెయ్యం బొమ్మ మీద తమ్ముడు పెట్టిన కష్టం అంతా ఇంతా కాదు. నీళ్లలోంచి లేచేటప్పుడు జుట్టు నుంచి కారే చుక్కలు కూడా విడివిడిగా గీశాడు.

బయట పెట్టేముందు కొందరి చేత ఆడించాం. ఇక్కడ మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: ఆడుతున్నంతసేపూ నోరు విప్పకూడదు. 'అది కాదు, ఇటు నొక్కు' అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. అయినా సరే. రేపు వేరే ఊళ్లో ఎవరో ఆడేటప్పుడు మనం పక్కన ఉండం కదా.

తమ్ముడి స్నేహితుడు ఒకడు రోజూ గేములు ఆడేవాడే. ఫైట్ చకచకా ముగించి, "బానే ఉందిరా, ఇలాంటివి చాలా చూశాం" అన్నాడు. తర్వాత మళ్లీ మొదలుపెట్టి నేరుగా సంతకెళ్లాడు. ఎండుచేపలమ్మే ముసలాయన దగ్గర కొసరు రాలేదని వాడికి పట్టుదల.

మా పిన్ని అంతకుముందు ఫోన్లో క్యాండీ క్రష్ తప్ప ఏదీ ఆడలేదు. కీబోర్డు మీద బాణాలు చూపించి కూర్చోబెట్టాం. బెల్లం కొట్టు దగ్గర ఆగింది. కిలో రేటు చదివి, "అమ్మో" అని తగ్గించి అడిగింది. వాడు తగ్గలేదు. రెండోసారీ తగ్గలేదు. పిన్ని మూడోసారి అడగలేదు. బాణం నొక్కి మంగని సంత బయటికి నడిపించడం మొదలుపెట్టింది. మా కోడ్ ప్రకారం అలా నడిస్తే సంభాషణ ముగిసిపోతుంది, అంతే. పిన్ని నాలుగడుగులు నడిపించి ఆపింది. కాసేపు చూసింది. నా వైపు తిరిగి, "ఏమే, వెనక్కి పిలవడేంటే వీడు?" అంది.

ఆ రాత్రే అది రాశాను. ఓపిక ఇంకా మిగిలి ఉండగా మీరు నడిచి వెళ్లిపోతే, నాలుగో అడుగు దగ్గర "అమ్మా, ఇలా రా, నీ మాటా వద్దు నా మాటా వద్దు" అని కేక వినబడుతుంది. అందరూ పిలవరు. సరుకు బాగున్నవాడు, అప్పటికే బోణీ అయినవాడు పిలవడు. ఎవడు పిలుస్తాడో ఊహించడంలోనే మజా అంతా.

ముందు ఇచ్ డాట్ ఐఓ అనే గేముల సైటులో పెట్టాం. అక్కడ ఫీజు లేదు, తనిఖీ లేదు, ఫైలు ఎక్కిస్తే అయిపోయింది. వచ్చిన అభిప్రాయాల్లో దెయ్యం గురించి రాసినవాళ్లు అరుదు. నీటిచుక్కల్ని ఎవరూ గమనించలేదు, తమ్ముడి ముఖం చూడలేకపోయాను. బేరం గురించి మాత్రం పేరాలకు పేరాలు రాశారు. అరువు ఎందుకు పెట్టలేదని ఒకరు. ఒక కొట్టులో గొడవపడితే పక్క కొట్టువాడికి తెలియాలి కదా అని ఇంకొకరు. గేమ్‌లో లేని వాటిని కూడా ఉన్నట్టే ఊహించుకుని అడుగుతున్నారంటే, ఆ చోట గేమ్ ప్రాణం పోసుకున్నట్టే కదా. దెయ్యం విషయంలో అలా ఎవరూ ఏదీ అడగలేదు.

కంప్యూటర్ గేములమ్మే పెద్ద ఆన్‌లైన్ అంగడి స్టీమ్ సంగతి వేరు. ఉచిత డెమో అయినా దాని వెనక అసలు గేమ్ నమోదై ఉండాలి, దానికి 100 డాలర్లు కట్టాలి. గేమ్ మీద వెయ్యి డాలర్ల రాబడి దాటితే అవి తిరిగొస్తాయట, చూద్దాం. డెబిట్ కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి, లేకపోతే అక్కడే ఆగుతుంది. తర్వాత పన్ను ఫారం, డబ్ల్యూ-8బెన్. పాన్ నంబరు ఇచ్చి మన దేశంతో ఉన్న ఒప్పందం కింద అడిగితే అమెరికా అమ్మకాల మీద 30 శాతానికి బదులు 15 శాతమే పట్టుకుంటారు.

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర. నా పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు ఖాతాలో ఇనీషియల్ మాత్రమే. రెండూ ఒకటిగా ఉండాలి. బ్యాంకుకెళితే ఒకసారి ఆధార్ జిరాక్స్ చాలన్నారు, ఇంకోసారి అఫిడవిట్ కావాలన్నారు, మరోసారి సార్ సెలవులో ఉన్నారన్నారు. టెన్షన్ పడటం మానేసి, వెళ్లినప్పుడల్లా అన్ని కాగితాలూ ఫైలులో పట్టుకెళ్లడం మొదలుపెట్టాక పని అయింది. గేమ్ మొదలుపెట్టిన రోజే ఈ పేరు పని చూసుకోండి.

గేమ్ విడుదలకి డబ్బు కట్టాక 30 రోజులు ఆగాలి, 'త్వరలో' పేజీ కనీసం రెండు వారాలు జనానికి కనబడాలి. పేజీనీ, గేమ్‌నీ వాళ్ల మనుషులు చూసి ఒప్పుకోవాలి. డెమోల కోసమే ఏటా మూడుసార్లు నెక్స్ట్ ఫెస్ట్ అని వారం రోజుల జాతర ఉంటుంది. ఫిబ్రవరి, జూన్, అక్టోబరు. చిన్నవాళ్లకు అంతమంది కళ్లు పడే అవకాశం మరొకటి లేదు. కానీ ఒక గేమ్‌కి ఒకే ఒక్కసారి ప్రవేశం. అందుకని ఈ డెమోతో వెళ్లడం లేదు. బేరాన్ని సరిగ్గా కట్టాక వెళతాం.

అరువు ఇప్పటికే పని చేస్తోంది. ఒక ఊళ్లో బాకీ పెడితే ఆ వార్త పంటు ఎక్కి తర్వాతి రేవుకి మీకంటే ముందే చేరుతుంది. ఏడు ఊళ్లూ ఇదే ఆడితే విసుగొస్తుందేమో అన్న భయం నాకుంది. అందుకే ఊళ్లు నాలుగుకి తగ్గించాను. ఒక్కో ఊళ్లో బేరం తీరు మారాలి. ఒకచోట ధర అడగడమే తప్పు, ఇంకోచోట మధ్యవర్తి లేకుండా మాట కదలదు.

ఫైట్ తీసేద్దామంటే తమ్ముడు దెయ్యాన్ని వదలనంటాడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. రాత్రి లేకపోతే పగటి బేరానికి దేనికోసం అన్న బరువుండదు. ప్రస్తుతానికి దెయ్యంతో కూడా మంగ బేరమే ఆడేలా ఆ ఘట్టం తిరగరాస్తున్నాను. ఓపిక గీటు పెట్టాను, వంకలూ కబుర్లూ రాశాను. నడిచి వెళ్లిపోతే వెనక్కి పిలుస్తుంది కూడా. దానికి కొసరుగా ఏమివ్వాలన్నదే ఇంకా తెగలేదు.