మాస్టారు బోర్డు మీద గీసిన గీత

మన కాలేజీ పాత విద్యార్థుల సావనీర్ కమిటీ వాళ్ళు "ఏదైనా రాయి, రెండు పేజీలు దాటకు" అన్నారు. ఆ షరతు నాకొక్కడికే ఎందుకో మీకు తెలుసు. హాస్టల్ గొడవ, నోటీసు బోర్డు సంగతి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నాకు గుర్తొచ్చేది ఎకనామిక్స్ మాస్టారు పెట్టిన డిబేటే: పేద విద్యార్థి పైచదువుకు సర్కారు గ్రాంటివ్వాలా, అప్పివ్వాలా?

అన్నిటికీ అడ్డుపడతాడని మనం 'అబ్జెక్షన్' అని పేరు పెట్టినవాడు అప్పు పక్షాన లేచాడు. కాలేజీ గడప తొక్కని కూలీ కూడా సబ్బు కొన్నప్పుడల్లా పన్ను కడతాడు, ఆ డబ్బుతో రేపటి డాక్టర్ని చదివించడం ఏం న్యాయమన్నాడు. చప్పట్లు మోగాయి. మాస్టారూ కొట్టారు. తర్వాత లేచి బోర్డు మధ్యలో గీత గీశారు. ఎడమవైపు ఫీజు, పుస్తకాలు, హాస్టలు. కుడివైపు ఒకే మాట: రాని కూలి. చదువుకునే పిల్లాడు ఇంటికి తేలేని సంపాదన. ఏ ఫీజు రసీదులోనూ అది కనపడదు, లేనివాళ్ళింట్లో మాత్రం నెలనెలా తెలుస్తూనే ఉంటుందన్నారు. సుద్దపొడి చేతులు ఎప్పట్లాగే చొక్కాకు తుడుచుకుని (ఆ నీలం చొక్కాయే) "ఉన్నవాడికీ లేనివాడికీ ఒకేలా ఇస్తే మీవాడి వాదన నెగ్గుతుంది. లేనివాడికే ఇస్తే నెగ్గదు" అని తేల్చేశారు.

ఆ తర్వాతి ఏళ్ళు ఎలాగో గడిచాయి. ఇప్పుడు నేను స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే కమిటీలో ఉన్నాను. వెనక బెంచీవాడికి ఇది తక్కువేం కాదు, చెప్పుకోనివ్వండి. అమెరికాలో 1972లో మొదలై తర్వాత పెల్ గ్రాంటుగా పేరుపడ్డ సాయం ఇంటి ఆదాయాన్ని బట్టి ఇస్తారు, మామూలుగా తిరిగి కట్టక్కర్లేదు. ఆస్ట్రేలియా 1989లో ఇంకో దారి పట్టింది: ఫీజు అప్పుగా రాసుకోవడం, ఆదాయం ఒక స్థాయి దాటాకే రాబట్టుకోవడం. అబ్జెక్షన్‌కి నచ్చే పద్ధతి, నాకూ సగం నచ్చింది. ఇంగ్లండ్ మాత్రం 2016లో కొత్తగా చేరేవాళ్ళకు జీవన ఖర్చుల గ్రాంటు ఎత్తేసి అప్పిచ్చింది. ఇంట్లో తక్కువున్నవాళ్ళే ఎక్కువ బాకీతో పట్టా పుచ్చుకోవాల్సి వచ్చింది. కుడివైపు కాలమ్ చూడకపోతే జరిగేది ఇదే.

గ్రాంటు మంజూరైతే చాలదు. సెమిస్టర్ మొదట్లో చేతికందకపోతే పిల్లాడు వడ్డీకి తెస్తాడు, పరీక్షలయ్యాక వచ్చింది ఆ బాకీకే పోతుంది. అందుకే మీటింగులో ఎంతమందికి మంజూరైందో చదువుతుంటే, ఖాతాలో ఎప్పుడు పడిందో చెప్పండి అని అడ్డుపడతాను. వాళ్ళు నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు.