డీవో మీటరుకి వెలిగే తెర

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద వాడే డీవో మీటర్లు, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చూపేవి, బాగుచేయడం నా పని. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి రైతులు మీటరు చూసేదీ చీకట్లోనే. "మూడో ఐదో తెలియట్లేదండి" అంటారు. ఐదయితే కాస్త నిమ్మళం. మూడయితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఉన్నవన్నీ తిప్పాల్సిందే. ఆ కాసేపు ఎంత టెన్షనో గట్టు మీద నిలబడ్డవాళ్లకే తెలుసు.

మామూలు ఎల్‌సీడీ తెరకి రెండు పోలరైజర్ పొరలుంటాయి, ఒకే దిశలో కంపించే వెలుతురునే అవి వదులుతాయి. మొదటి పొర దగ్గరే సగం వెలుతురు పోతుంది. టార్చి వేస్తే అంకెల కంటే అద్దమే ఎక్కువ మెరుస్తుంది.

అందుకే ఫ్లోరోసెంట్ రంగు, అంటే వెలుతురు పీల్చి తనే వేరే రంగులో వెలిగేది, కలిపిన లిక్విడ్ క్రిస్టల్ అంటే నాకు అంత ఆశ. లిక్విడ్ క్రిస్టల్ అంటే ఎల్‌సీడీ తెరలో ఉండేదే, ద్రవంలా పారుతూనే అణువులన్నీ ఒకే వైపు వాలి ఉండే పదార్థం. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ ల్యాబుకి చెందిన హైల్‌మయర్, జనోని లిక్విడ్ క్రిస్టల్‌లో మామూలు రంగు కలిపి, వోల్టేజీతో దాన్ని మార్చి చూపించారు. గాలికి వరిచేను వాలితే మధ్యలో ఉన్న తుంగ కూడా అటే వాలినట్టు, పొడుగాటి రంగు అణువులు చుట్టూ ఉన్న క్రిస్టల్ అణువులతో పాటే తిరుగుతాయి. తమ పొడవు వెంట కంపించే వెలుతురునే అవి బాగా పీల్చుకుంటాయి. ఫ్లోరోసెంట్ రంగైతే, అణువు అద్దానికి ఆనుకుని పడుకున్నప్పుడు నీలం వెలుతురు పీల్చి ఆకుపచ్చగా వెలుగుతుంది. వోల్టేజీ ఇస్తే నిటారుగా లేస్తుంది, ఎదురుగా వచ్చే వెలుతురు దానికి అంతగా అందదు, ఆ చోటు మసకబారుతుంది. అంకె అక్కడ కనపడుతుంది.

నోట్లు చూసే యూవీ టార్చిని హైలైటర్ గీత మీద వేసి చూడండి. టార్చి వెలుతురు కంటికి పెద్దగా ఆనదు, గీత మాత్రం భగ్గుమంటుంది. తెర అంచున అలాంటి చిన్న ఎల్‌ఈడీ ఒకటి ఉంటే తెల్లవారుజామున చాలు. మధ్యాహ్నం ఆ పని ఎండే చేస్తుంది.

చిక్కల్లా ఆ ఎండతోనే. యూవీకి చాలా రంగులు వెలిసిపోతాయి. పెరిలీన్ జాతి రంగులు బాగా తట్టుకుంటాయి గానీ లిక్విడ్ క్రిస్టల్‌లో సరిగా కరగవు. కరగడానికి వాటి అణువులకి పక్కన గొలుసుల్లాంటి భాగాలు తగిలిస్తారు. అలాంటి తెర చేతికొస్తే నేను ముందు చూసేది దాని మెరుపు కాదు. మే నెలంతా చెరువు గట్టు మీద వదిలేసి, జూన్‌లో యూవీ టార్చి వేసి చూస్తాను.