దాళ్వా దుమ్ముకు మైక్రోఫైబర్ గుడ్డ

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలైతే తలుపులు మూసినా లాభం ఉండదు. కోత మిషను నాలుగు మళ్ల అవతల తిరిగినా సాయంత్రానికి టీవీ మీద, ఫ్యాను రెక్కల మీద సన్నని పొర పేరుకుంటుంది. పాత నూలు చీర ముక్కతో తుడిస్తే సగం దుమ్ము లేచి పక్కన వాలుతుంది. మైక్రోఫైబర్ గుడ్డ దాన్ని తనలోనే పట్టి ఉంచుతుంది. అందుకే నాకు అదంటే అంత ఇష్టం.

ఇది పాలియెస్టర్, నైలాన్ కలిపి తీసిన పోగు. 9,000 మీటర్ల పొడవున్నా ఒక గ్రాము కూడా తూగదు. మంచి రకాల్లో ఆ పోగును ఇంకా చీలుస్తారు. ఆ చీలికల్లోనే దుమ్ము, జిడ్డు చిక్కుకుంటాయి. దుమ్ముకు పొడిగుడ్డే వాడండి. అద్దాలకు కొద్దిగా తడిపి, బాగా పిండితే చాలు. నాలుగు మడతలు పెడితే ఎనిమిది వైపులు దొరుకుతాయి. ఒకటి మాసిందంటే ఇంకోటి తిప్పుకోవచ్చు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఉతకడంలో. మా బోరు నీళ్లు ఉప్పన, సబ్బు సరిగా నురగ రాదు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ నీళ్లే గతి. వాటిలోని లవణాలు, వదలని సబ్బు పోగుల మధ్య చేరి గుడ్డ అట్టలా బిగుస్తుంది. అందుకని సబ్బు పొడి తక్కువ వేసి, ఎక్కువసార్లు జాడిస్తాను. అప్పటికే గరుకెక్కితే బకెట్ నీళ్లలో కాస్త తెల్ల వెనిగర్ కలిపి నానబెడతాను. వానాకాలంలో చూరు నీళ్లు పట్టి జాడిస్తే అంతకన్నా హాయి లేదు. తువ్వాళ్లతో కలిపి ఉతికితే వాటి నూలు పీచంతా దీనికే అంటుకుంటుంది. బట్టలు మెత్తబడటానికి చివర్లో వేసే సువాసన ద్రవం మాత్రం అసలు వద్దు. అది పోగుల మీద పూతలా పట్టి, నీరు పీల్చే గుణం పోగొడుతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, ఇస్త్రీ వేడి తగిలితే పోగు కరుగుతుంది.

వంటింటి గుడ్డ వేరు, స్నానాల గది గుడ్డ వేరు. రంగులు గుర్తు పెట్టుకోమని మా కోడలికీ చెప్పాను. ముసురు పట్టిన రోజుల్లో ముద్దగా పడేయకుండా ఫ్యాను కింద విడివిడిగా ఆరేయాలి, లేకపోతే ముక్కిన వాసన వస్తుంది.

ఒక్కటే నాకు బాధ. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. మా పెరటి నీళ్లు మురుగు కాలువలోకి పోతాయి, ఆ కాలువలో పిల్లలు చేపలు పడతారు. అందుకే దుమ్ము గుడ్డను ముందు పెరట్లో బాగా దులిపి, నిజంగా మాసినప్పుడే ఉతుకుతాను. అరిగిపోయినవి కొత్తవాటితో కలపను, మా అబ్బాయి మోటారుసైకిలు గొలుసు తుడవడానికి ఇచ్చేస్తాను.