రాక్‌తో వయొలిన్లు: ముందు శృతి తేల్చండి

ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన విజయనగరంలో పిల్లలు గిటార్, డ్రమ్స్‌తో కలిసి వాయిస్తామంటే ఎంతో సంతోషం. చిక్కంతా శృతి దగ్గరే. వయొలిన్లు ఒకటి శృతిలో, అంటే సిలో, గిటార్ తన మామూలు శృతిలో ఉంటే రిహార్సల్ సగం గొడవతోనే పోతుంది.

అందరూ రెండు శృతికి, అంటే పాశ్చాత్య సంగీతంలో డి స్వరానికి రండి. గిటార్‌లో లావు తీగ, ఆరోది, ఇ నుంచి డికి దించితే చాలు. లావుగా ఉన్న మూడు తీగలు డి, ఎ, డి అవుతాయి. మన స, ప, స అన్నమాట! ఆ మూడూ కలిపి మీటితే వచ్చేదే పవర్ కార్డ్, అందులో గాంధారమే (గ) ఉండదు. అందుకే వయొలిన్ పెద్ద గాంధారం (అంతర గాంధారం) ఉన్న కల్యాణి రాగం వాయించినా, చిన్న గాంధారం (సాధారణ గాంధారం) ఉన్న ఖరహరప్రియ రాగం వాయించినా అపస్వరం రాదు. గిటారిస్టు అలవాటుకొద్దీ మేజర్ కార్డ్ పట్టాడో, అందులోని అంతర గాంధారం ఖరహరప్రియ సాధారణ గాంధారంతో ఢీకొంటుంది.

తాళం తేలికే: ఆది తాళం ఒక ఆవర్తనమంటే డ్రమ్మర్‌కి నాలుగేసి దెబ్బల బార్లు రెండు.

ఆరుగురు వయొలిన్ వాళ్లు ఒకే గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) వేస్తే చెదురుతుంది, కాబట్టి కమాను దిశ ముందే రాసుకోవాలి. వయొలిన్ మైకులకి సింబల్స్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేలు) ఎదురుగా పెట్టకండి, సౌండ్ పెంచేకొద్దీ సింబల్సే మోగుతాయి. లైట్ల వేడికి తీగలు జారతాయి, తెర తీసేముందు మళ్లీ శృతి చూడండి.