మడ్డి దిగేదాకా

మా పోర్చుగల్ ప్రయాణానికి టైమ్‌టేబుల్ వేసింది ఒక వైన్ సీసా. 2000 నాటి వింటేజ్ పోర్ట్, అంటే ఒకే ఏడాది ద్రాక్షతో చేసే పోర్చుగల్ తీపి వైన్. అమ్మాయి పుట్టిన ఏడాది ద్రాక్ష కదా అని, అమ్మకానికి రాగానే మా ఆయన కొని దాచారు. అల్మరా అడుగున, వెలుతురు తగలని చోట, పడుకోబెట్టి. నిలబెడితే కార్క్ ఎండిపోయి గాలి దూరుతుందట. అమ్మాయి డిగ్రీకి తీద్దామనుకున్నాం, ఉద్యోగానికి అనుకున్నాం. ప్రతిసారీ ఎవరో ఒకరు రాలేకపోయారు. చివరికి అక్కా బావలతో కలిసి పోర్ట్ ద్రాక్ష పండే డౌరో నది లోయకి వెళ్దామని తేలినప్పుడు, "దాన్నీ పుట్టింటికి తీసుకెళ్దాం" అంది అక్క.

క్యాబిన్‌లోకి 100 మిల్లీలీటర్లు మించి రానివ్వరు కాబట్టి, మా ఆయన స్వెటర్లన్నీ చుట్టుకుని సీసా చెక్-ఇన్ పెట్టెలో ఎక్కింది. అసలు తంటా అది పోర్టో నగరంలో దిగాక మొదలైంది. వింటేజ్ పోర్ట్‌ని పీపాల్లో రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు ఉంచి, వడకట్టకుండానే సీసాల్లోకి ఎత్తుతారు. మిగతా వయసంతా సీసాలోనే గడుస్తుంది, మడ్డీ అక్కడే పేరుకుంటుంది. ప్రయాణంలో ఆ మడ్డి అంతా కలిసిపోతుంది. ఒక రోజైనా కదపకుండా నిలబెడితేగానీ కిందికి దిగదు. నది అవతల విలా నోవా ద గాయాలోని వైన్ గోదాములు చూద్దామని బావ సరదాపడ్డారు. "తిరుగు ప్రయాణంలో చూద్దాం బావగారూ, ముందు దీన్ని నిలబెట్టాలి" అన్నారు మా ఆయన. అలా పోర్టోలో ఒక్క రాత్రే ఉండి బయల్దేరాం.

పోర్టోలోని సావ్ బెంటో స్టేషన్‌లో రైలెక్కితే లోయలోని పిన్యావ్ ఊరు రెండున్నర గంటల దారి. కుడివైపు కూర్చోండి, నది అటే ఉంటుంది. రెండు వైపులా కొండలు మెట్లుమెట్లుగా చెక్కి ఉన్నాయి. మట్టి తక్కువ, పలకలుగా విరిగే రాయి ఎక్కువ. ఆ పగుళ్లలోంచే ద్రాక్ష వేళ్లు నీళ్లు వెతుక్కుంటూ లోతుకి పోతాయి. పిన్యావ్ స్టేషన్ గోడల మీద నీలిరంగు పలకల బొమ్మలున్నాయి. ద్రాక్ష కోతలు, గంపలు మోసే మనుషులు, పీపాలు దింపుకుపోయే రబెలో పడవలు. అక్క వాటి దగ్గర నుంచి ఓ పట్టాన కదల్లేదు.

బసకి చేరగానే సీసా బల్ల మీద నిలబడింది. దాన్ని ముట్టుకోవద్దని మా ఆయన అందరికీ వార్నింగ్ ఇచ్చారు. ఇక మాకు మర్నాటి సాయంత్రం దాకా తిరగడమే పని. బావ సర్వే శాఖలో చేసి రిటైరయ్యారు. 1756లోనే పోర్చుగల్ మంత్రి పోంబాల్ (తర్వాత మార్క్విస్ అయ్యాడు) ఈ వైన్ ప్రాంతానికి హద్దులు నిర్ణయించి, ఆ తర్వాత రాళ్లు పాతించాడని ఎక్కడో చదివి, కొండెక్కుతున్నంతసేపూ ఆ రాళ్ల గురించే చెప్పారు. ఒక్కటీ కనబడలేదు. అయినా ఆయన ఉత్సాహం తగ్గలేదు.

సాయంత్రం అయింది. పాతికేళ్ల కార్క్ మామూలు స్క్రూకి పిప్పి పిప్పి అయిపోతుందని, రెండు పల్చటి రేకులున్న ఓపెనర్ తెచ్చారు మా ఆయన. కార్క్‌కి రెండు పక్కలా రేకులు దింపి, మెల్లగా తిప్పుతూ లాగారు. చివర కాస్త చిట్లింది, అంతే. పక్కనే గాజు జగ్గు పెట్టారు. నెయ్యి తేర్చినట్టు ఒకే వంపున, ఆపకుండా పోయాలి. మధ్యలో సీసా లేపితే మడ్డి లేస్తుంది. సీసా మెడ కింద అమ్మాయి ఫోన్ లైట్ పట్టుకుంది. ముందు ఎర్రటి తేట, తర్వాత దాంట్లో నల్లటి దారంలా ఒక చార మెడ వైపు పాకుతూ వచ్చింది.

"ఆపు నాన్నా, ఆపు!"

అడుగున రెండు వేళ్ల మందాన మడ్డి మిగిలింది.

గ్లాసులో నడిమధ్య ఇంకా నలుపే, అంచున మాత్రం ఇటుక రంగు. ఎండు ద్రాక్ష వాసన. ద్రాక్షరసం పులుస్తుండగానే ద్రాక్ష సారా పోసి ఆపేస్తారు కాబట్టి తీపి మిగిలిపోతుంది, ఘాటు 20 శాతం దాకా ఉంటుంది. మింగాక గొంతులో వెచ్చదనం చాలాసేపు నిలిచింది. అక్క ఒక గుక్క తాగి "దగ్గుమందులా ఉందే!" అంది. రెండో గ్లాసు అందరికంటే ముందు అడిగిందీ తనే. "దీని వయసూ నా వయసూ ఒకటే, పెద్దరికం మాత్రం దీనికే వచ్చింది" అంది అమ్మాయి. నన్నడిగితే రుచికంటే ఆ వంపడమే బాగుంది. ఐదుగురం ఊపిరి బిగబట్టి ఒకే చోటికి చూడటం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

తీశాక ఒకటి రెండు రోజుల్లో తాగేయాలట. మిగిలింది మర్నాడు కానిచ్చాం. నాకైతే వాసన కాస్త పలచబడ్డట్టనిపించింది. బావ ఒప్పుకోలేదు, రెండో రోజే బాగుందన్నారు. గాయా గోదాములకి చేరేదాకా ఆ వాదన నడుస్తూనే ఉంది. అక్కడ ఇంకో రకం పోర్ట్ ఇచ్చేసరికి కొత్త వాదన మొదలైంది.