పౌలు ముల్లు పోలేదుగా

విరేచనాలు తగ్గిన కొద్ది రోజులకే అరికాళ్ళల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. తర్వాత బ్రాడీపేటలో మా ఇంటి మెట్లు కూడా ఎక్కలేకపోయాను. మొదట చూసిన డాక్టరు "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని బి12 ఇంజెక్షన్ రాసి పంపేశారు. ఆయన మీద ఇప్పటికీ కోపమే. కొత్తపేటలో నరాల డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. వెంటనే చేర్చుకున్నారు. గులియన్ బారే సిండ్రోమ్. 2025 ఫిబ్రవరిలో గుంటూరు కేసులని టీవీలో చూపించిన జీబీఎస్సే. మన రోగనిరోధక శక్తే మన నరాల మీద పడుతుంది. పరీక్షలు, ఐదు రోజుల ఇమ్యునోగ్లోబులిన్ (ఆ దాడిని తగ్గించే యాంటీబాడీల మందు), డబ్బులు, అన్నీ మా ఆయన చూసుకున్నారు.

ఐసీయూలో ఒక రాత్రి మాత్రం మర్చిపోలేను. ఊపిరి బలం ఎంతుందో చూడ్డానికి నర్సమ్మ గంటగంటకూ వచ్చి ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేది. సాయంత్రం 22 దాకా చెప్పినదాన్ని, అర్ధరాత్రికి 11 దగ్గర ఆగిపోయాను. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. ప్రార్థన చేద్దామంటే చేతులు లేవవు, పెదవులు సరిగా కదలవు. పగలు చూడ్డానికొచ్చిన మా సంఘంలోని పెద్దావిడ మాటే చెవుల్లో తిరుగుతోంది: "విశ్వాసం చాల్లేదేమో. దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పుకోమ్మా."

బైబిల్లో అపొస్తలుడు పౌలు, తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నాడు. ప్రభువు తీయలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్నాడు. మరి పౌలుకు విశ్వాసం తక్కువని ఆవిడ అనగలదా? ఆ రాత్రి నేను "ప్రభువా" అన్నాను, అంతే. అంతకు మించి ఊపిరి లేదు. భయం పోయిందని చెప్పను. కానీ ఆ భయంలోనే నన్ను ఆయన పట్టుకుని ఉన్నాడని తెలిసింది. నా వల్ల అయ్యేది ఏమీ మిగలనప్పుడు తెలిసింది.

తెల్లవారి 14 అన్నాను. డ్యూటీ దిగబోతున్న నర్సమ్మ చప్పట్లు కొట్టింది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి. వెంటిలేటర్ అవసరం పడలేదు. నెలల తరబడి ఫిజియోథెరపీ తర్వాత నడుస్తున్నాను. ఎడమ పాదం ఇంకా మొద్దుగానే ఉంది. అది బాగవ్వాలని రోజూ అడుగుతూనే ఉన్నాను.

జ్వరమో విరేచనాలో తగ్గాక తిమ్మిరి కాళ్ళ నుంచి పైకి పాకుతుంటే ఆగకండి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రార్థన ఆటోలో కూర్చుని చేసుకోవచ్చు. రోగిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పాపాల సంగతి ఎత్తొద్దు. కాసేపు కాళ్ళు పట్టండి. మా వదిన రోజూ అదే చేసింది.