రెండంగుళాలు

నిన్న రాత్రి మా అన్నయ్య కొడుకు కారు తీసుకెళ్లాడు. స్నేహితుణ్ణి స్టేషన్‌లో దించి రావాలన్నాడు, ఇచ్చాను. ఎప్పుడో అర్ధరాత్రి తెచ్చి పెట్టి, తాళాలు బల్ల మీద వదిలి పడుకున్నాడు. గీత పడలేదు, సొట్ట పడలేదు. అంతవరకు బుద్ధిమంతుడే.

పొద్దున్న చక్రాల కుర్చీని కారు తలుపు పక్కకి చేర్చి, బ్రేకులు వేసి, ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి కారు సీటు మీద ఆనించి ఒక్క ఊపులో లోపలికి మారాను. కూర్చోగానే తెలిసిపోయింది. స్టీరింగ్ దూరంగా ఉంది. వాడు ఆరడుగుల మనిషి. సీటు వెనక్కి జరుపుకున్నాడు, మళ్లీ ముందుకు తేవడం మర్చిపోయాడు.

ఇందులో ఏముంది, సీటు కింద కడ్డీ ఎత్తి జరుపుకుంటే సరి అంటారు. కడ్డీ ఎత్తేది చేతులే కానీ, సీటుని జరిపేవి కాళ్లు. నేలకి తన్నిపట్టి జరుపుతారు. ఆ సంగతి నడిచేవాళ్లకి తట్టను కూడా తట్టదు. నాకు ఛాతీ మధ్య నుంచి కిందికి ఏదీ మాట వినదు. కాళ్లే కాదు, పొట్ట కండరాలు, నడుము కండరాలు కూడా. అందుకని ఒక చేత్తో కడ్డీ ఎత్తి, ఇంకో చేత్తో స్టీరింగ్ పట్టుకుని నన్ను నేనే లాక్కోవాలి. లాగాను. సీటు కదల్లేదు, నేను కదిలాను. ముందుకి వాలి స్టీరింగ్ మీద పడ్డాను. హారన్ మోగింది. చెయ్యి ఆనించి లేచేదాకా మోగుతూనే ఉంది.

వీధి నిద్ర లేచింది. పక్కింటి బాబాయ్ గారు చేతికర్రతో వచ్చేశారు. ఆరు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బాబాయ్ గారూ, సీటు."

ఆయన ఎడమ చేత్తో కడ్డీ ఎత్తిపట్టారు. నేను రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని లాగాను. ఇద్దరికీ కలిపి మూడు చేతులు, ఒక కాలు. కిర్రుమంటూ వచ్చింది సీటు. పక్కనున్న ప్లాస్టిక్ మీద గోళ్లరంగుతో ఎర్రగా గీత పెట్టుకున్నాను, ఆ గీతకి సీటు అంచు తగలగానే "చాలు" అన్నాను. ఎంత జరిగిందో చూస్తే రెండంగుళాలు.

బాబాయ్ గారికి ఆయాసం వచ్చింది. కూర్చోడానికి చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న నా చక్రాల కుర్చీలోనే కూర్చున్నారు. కారు సీట్లో నేను, నా కుర్చీలో ఆయన. ఎవరైనా చూస్తే ఎవరి బండి ఎవరిదో పోల్చుకోలేరు.

"రెండంగుళాలకి ఇంత హైరానా ఎందుకమ్మా, అలాగే పోనివ్వలేవూ?" అన్నారు.

బ్రేకు చూపించాను. నా కారులో స్టీరింగ్ కింద ఒక లీవర్ ఉంటుంది. దాన్ని ముందుకి తోస్తే బ్రేకు, తొడవైపు కిందికి నొక్కితే వేగం. లోపల కడ్డీలు పెడల్స్‌కి తగిలించి ఉంటాయి, అంతకుమించి మాయ ఏమీ లేదు. బ్రేకు పూర్తిగా పడ్డప్పుడు కూడా నా మోచెయ్యి ఇంకాస్త వంగే ఉండాలి. సీటు వెనక్కి పోతే బ్రేకు సగంలో ఉండగానే చెయ్యి చాచుకుపోతుంది. పొట్ట కండరాలున్నవాళ్లయితే వొంటిని ముందుకి వంచి మిగతా సగం తోస్తారు. నాకు చెయ్యి ఎక్కడ ఆగితే బ్రేకు అక్కడే ఆగుతుంది. ఈ మోడల్‌లో ఒక మంచి గుణం ఉంది. గట్టిగా బ్రేకు వేస్తే వొళ్లు ముందుకి తూలుతుంది కదా, ఆ బరువు కూడా లీవర్ మీదే పడి బ్రేకు ఇంకా గట్టిగా పడుతుంది. కానీ అది మోచెయ్యి వంగి ఉన్నప్పటి మాట. అందుకే ఇంజను వేశాక, బండి కదలకముందే, ఒకసారి బలమంతా పెట్టి బ్రేకు తోసి చూసుకోవడం నాకు అలవాటు.

పాదాల దగ్గర రేకు కూడా చూసుకున్నాను. వాడు దాన్ని మాత్రం మళ్లీ పెట్టాడు. కాళ్లు నా అధీనంలో లేవు గానీ వాటంతట అవి అప్పుడప్పుడూ బిగుసుకుని తన్నుకుంటాయి. అలా తన్నినప్పుడు పాదం పెడల్ మీద పడినా నాకు స్పర్శ తెలియదు. ఆ రేకు అడ్డుంటే పడదు. వాడికి దాని గురించి పదిసార్లు చెప్పాను కాబట్టి గుర్తుంది. సీటు గురించి చెప్పలేదు. తప్పు సగం నాది.

బాబాయ్ గారు లీవర్‌ని ఎడమ చేత్తో అటూ ఇటూ కదిపి చూశారు. కళ్లల్లో ఆశ కనిపించింది. "ఇలాంటిదే నేనూ పెట్టించుకుంటానమ్మా. ఇంక ఎవణ్ణీ బతిమాలక్కర్లేదు" అన్నారు.

ఇక్కడ నాకు నోరు మూసుకోవడం చేతకాలేదు. లీవర్ ఎడమ చేతికిస్తే స్టీరింగ్ ఎవరు తిప్పుతారు? ఆయన కుడి చెయ్యి తిప్పలేదు. ఆయనకి కావలసింది వేరు. ఎడమ కాలు బాగుంది కాబట్టి వేగం పెడల్‌ని బ్రేకుకి ఎడమవైపు పెట్టే అమరిక ఒకటుంది, పాత పెడల్‌ని మడిచేస్తారు లేదా అడ్డు పెడతారు. స్టీరింగ్ మీద గుండ్రటి పిడి బిగిస్తే ఎడమ చెయ్యి ఒక్కటే చక్రం అంతా తిప్పుతుంది. లైట్లు, ఇండికేటర్, హారన్ మీటలు కూడా ఆ పిడి దగ్గరే పెట్టించుకోవచ్చు. గేర్లు మాత్రం ఆటోమేటిక్ అయి తీరాలి.

"కాలుతోనే అయితే ఇంకా సులువు కదా" అన్నారు.

సులువు కాదు. నలభయ్యేళ్లు కుడి కాలు చేసిన పని ఎడమ కాలికి అప్పగిస్తే, కంగారులో అది బ్రేకు అనుకుని వేగం తొక్కే ప్రమాదం ఉంది. టీచర్ని పక్కన పెట్టుకుని, ఖాళీ మైదానంలో, కొత్తవాడిలా మళ్లీ నేర్చుకోవాలి. నేనూ అలాగే నేర్చుకున్నాను. మొదటి వారం బ్రేకు వేద్దామని లీవర్‌ని కిందికి నొక్కి ఒక గోడని భయపెట్టాను.

ఆయనకి రేసు డ్రైవర్ జనార్ది కథ చెప్పాను. అలెక్స్ జనార్దికి 2001లో జర్మనీలో రేసులో రెండు కాళ్లూ పోయాయి. 2005లో ఓషర్స్‌లెబెన్‌లో మళ్లీ రేసు గెలిచాడు. అప్పట్లో వేగం చేత్తోనే గానీ, బ్రేకు మాత్రం పెట్టుడు కాలితో వేసేవాడు. 2018లో మిజానో రేసుకి ఆ పెట్టుడు కాళ్లు కూడా తీసేసి బ్రేకుకి చేతి లీవర్ పెట్టించుకున్నాడు. ఒకే మనిషికే రెండు కొలతలు పట్టాయి. నా చొక్కా బాబాయ్ గారికెలా సరిపోతుంది?

అసలు మాట ఇంకోటి ఉంది. అనాలా వద్దా అని కాసేపు నలిగాను. అన్నాను. "బాబాయ్ గారూ, ఇందాక మీరొచ్చేటప్పుడు కుడి భుజం తలుపుకి గుద్దుకున్నారు. తలుపు బార్లా తెరిచే ఉంది."

"అవునా?"

ఆయనకి గుద్దుకున్నట్టు కూడా గుర్తులేదు. పక్షవాతం తర్వాత కొందరికి కళ్లు బాగానే ఉంటాయి, కానీ చూపులో ఒక పక్క ముక్క కనబడకుండా పోతుంది. పోయిందని వాళ్లకే తెలియదు. పిడులు, పెడల్స్ కొనేముందు కంటి డాక్టర్ దగ్గర ఆ పరీక్ష, తర్వాత డ్రైవింగ్ సంగతి తెలిసిన థెరపిస్టు దగ్గర ఇంకో పరీక్ష చేయించుకోమన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. నా కుర్చీ చక్రాన్ని ఎడమ చేత్తో కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పాలని చూస్తూ కూర్చున్నారు. బ్రేకులు వేసి ఉండడంతో అది కదల్లేదు.

తర్వాత లేచి, "కుర్చీ లోపల పెట్టనా?" అన్నారు. వద్దన్నాను. ఈ పని నా వరసలో నేనే చెయ్యాలి. ముందు దిండు, తర్వాత మీట నొక్కి రెండు చక్రాలు, చివరికి ఫ్రేమ్‌ని నా వొళ్లో మీదుగా ఎత్తి పక్క సీట్లోకి. ఇంకొకరు చెయ్యి వేస్తే వరస తప్పి ఏదో ఒకటి బయటే ఉండిపోతుంది. ఒకసారి చక్రం వదిలేసి పదిహేను కిలోమీటర్లు వెళ్లాను.

దారిలో ఇన్వాకార్ గుర్తొచ్చింది. బ్రిటన్‌లో రెండో ప్రపంచయుద్ధం తర్వాత చాలా ఏళ్లు ప్రభుత్వం వికలాంగులకి ఇచ్చిన మూడు చక్రాల బండి. లేత నీలం రంగు, లోపల ఒక్కటే సీటు. భర్త, పిల్లలు వేరే దారి చూసుకోవాలి. 2003లో ఆ బండ్లని రోడ్ల మీద నిషేధించారు. దాన్ని ఎవరూ అరువడగరు, ఎవరూ సీటు జరపరు. నా కారులో లీవర్ ఉన్నా మామూలు పెడల్స్ అలాగే ఉన్నాయి. రేకు తీస్తే ఎవరైనా నడపొచ్చు. పొద్దుటి గొడవంతా ఆ సుఖం వల్లే వచ్చింది.

ఆఫీసు దగ్గర తలుపు పూర్తిగా తెరుచుకునేందుకు గీతలు కొట్టి వదిలిన జాగాలో ఎవరో స్కూటర్ పెట్టారు. రోజూ ఉండేదే, దాని గురించి ఇవాళ రాయను.

సాయంత్రం మావాడు వచ్చి, "అత్తా, ఎల్లుండి మళ్లీ కారు కావాలి" అన్నాడు. హారన్ సంగతి వాడికి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, మొహం చిన్నబుచ్చుకునే అడిగాడు. కారు దగ్గరికి తీసుకెళ్లి ఎర్ర గీత చూపించాను. వంగి చాలాసేపు చూశాడు. తర్వాత సీట్లో కూర్చుని, తనకి సరిపోయేదాకా వెనక్కి జరుపుకుని, "నీలం రంగు ఉందా?" అని అడిగాడు.

ఇప్పుడు ఎర్ర గీతకి రెండంగుళాల వెనక ఒక నీలం గీత ఉంది. సీటు ఎర్ర గీత దగ్గరికి వాడే తెచ్చి పెట్టాడు. అయినా రేపు పొద్దున్న బ్రేకు తోసి చూసుకుంటాను.